పదకొండో నెల పాపతో మారిషస్‌కు

ఉష్ణమండల దేశాలకు పసిబిడ్డలను తీసుకువెళ్లేవారికి దొరికే సలహాల్లో చాలావరకు చలిదేశాల తల్లిదండ్రుల కోసం రాసినవే. బిడ్డ వేడిని తట్టుకుంటుందా, దోమల నుంచి ఎలా కాపాడుకోవాలి, అలవాటు లేని తిండి అరుగుతుందా అన్నవి వాళ్ల భయాలు. తిరుపతిలో పుట్టి, మే నెల వడగాలిలో తడి తువ్వాలు కట్టిన కిటికీ పక్కన నిద్రపోవడం నేర్చుకున్న మా పాపకు ఎండా దోమలూ కొత్త కావు. అన్నం, పప్పు, అరటిపండు దొరికే దేశంలో తిండి గురించి బెంగ పెట్టుకోవలసిన అవసరమూ లేదు. మా ఇంట్లో భయం వేరే దిక్కు నుంచి వచ్చింది. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి మనకు ఎండాకాలం ముగిసే వేళకు అక్కడ చలికాలం మొదలవుతుందని మా ఆయన చెప్పగానే, బిడ్డకు జలుబు చేస్తుందని మా అత్తమ్మ పట్టుబట్టారు. అక్కడి చలికాలపు సగటు ఉష్ణోగ్రత 20 డిగ్రీల పైచిలుకేనని, ఎండాకాలపు సగటు కూడా 25 డిగ్రీలకు చేరదని చెప్పినా ఆవిడ నమ్మలేదు. చివరికి తిరుమల కొండ మీదికి తీసుకుపోయే స్వెట్టరు, కుల్లాయి పెట్టెలో పెట్టాకే ఒప్పుకున్నారు. మే నెలాఖరును ఎంచుకోవడానికి మాకున్న కారణం తుపాన్లు: ఆ సముద్రంలో అవి నవంబరు మొదలు ఏప్రిల్ దాకా, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు వస్తాయి.

పాస్‌పోర్టు పని తిరుపతి సేవా కేంద్రంలోనే ముగిసింది. చంటిబిడ్డకైనా విడిగా పాస్‌పోర్టు ఉండాలి. తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం, జనన ధ్రువీకరణ పత్రం కావాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే చెల్లుతుంది. తెల్లని గుడ్డ మీద పడుకోబెట్టి తీసిన ఆ ఫొటోలో పాపకు ఉంగరాల జుట్టు ఉంది. ప్రయాణానికి ముందు, పదకొండో నెలలో, తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాలన్నది పెద్దల మొక్కు. ఏడాది నిండని బిడ్డలున్న తల్లిదండ్రులకు సుపథం దారిలో దర్శనం ఉండటం వల్ల ఆ పని అలసట లేకుండానే పూర్తయింది గానీ, ఎండదేశానికి బయల్దేరేముందు బిడ్డ తల నున్నగా తయారైంది. సముద్రతీరంలో గుండు మీద పడే ఎండ గురించి ఏ సలహాదారూ రాయలేదు. చెవులూ మెడా కప్పే వెడల్పు అంచు టోపీలు రెండు కొన్నాము. సామానులో అన్నిటికంటే ఎక్కువగా వాడినవి అవే.

తొమ్మిదో నెల టీకాలు పూర్తయ్యాయి కాబట్టి డాక్టరు అదనంగా ఏమీ వేయలేదు. జ్వరానికి బిడ్డ బరువును బట్టి ఎంత మందు వేయాలో కాగితం మీద రాసిచ్చి, ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉంచుకొమ్మని, బిడ్డకు ఏ పాలపొడి అలవాటో ఆ డబ్బానే సరిపడా తీసుకుపొమ్మని చెప్పారు. విత్తనాలు, పండ్లు, మొక్కల వంటివి ఆ ద్వీపంలోకి అనుమతి లేకుండా తేనివ్వరని తెలిసి, ఇంట్లో కొట్టించిన రాగిపిండిని మానుకొని, సీలు వేసిన ఉగ్గుపిండి పొట్లాలే పెట్టుకున్నాము.

శుక్రవారం

పుత్తూరు, నగరి మీదుగా చెన్నై విమానాశ్రయానికి కారులో వెళ్లి, అక్కడి నుంచి ముంబయికి సాయంత్రపు విమానం ఎక్కాము. పాలు, ఉగ్గు, కాచి చల్లార్చిన నీళ్లు వంద మిల్లీలీటర్లు దాటినా బిడ్డ ఆహారం కింద తనిఖీలో అనుమతిస్తారు. సీసా మూత తీసి చూపించమన్నారు, అంతే. స్ట్రోలర్‌ను విమానం తలుపు దాకా తోసుకుపోయి అక్కడ అప్పగించాము. ముంబయిలో మాత్రం దాన్ని తలుపు దగ్గర కాకుండా సామాన్ల పట్టీ మీద ఇస్తామన్నారు. నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకొని, మరో భుజాన సంచితో, ఆ పొడవాటి నడవ అంతా నడవవలసి వచ్చింది. గుడ్డతో నడుముకు కట్టుకునే క్యారియర్‌ను చేతిసంచిలో ఉంచుకోవడం ఎంత అవసరమో ఆ నడవలో తెలిసింది. ఇమిగ్రేషన్ అధికారి పాస్‌పోర్టులోని ఉంగరాల జుట్టునూ ఎదుట ఉన్న గుండునూ మార్చి మార్చి చూసి, మా ఊరి పేరు చదివి, నవ్వి ముద్ర వేశారు.

శనివారం

ముంబయి నుంచి మారిషస్‌కు సుమారు ఆరు గంటల ప్రయాణం. రెండేళ్లలోపు బిడ్డకు విడిగా సీటు ఉండదు; ముందువరుసలో గోడకు తగిలించే తొట్టిని ముందే అడిగి పెట్టుకున్నాము. ఆ తొట్టి ఉన్నంత మాత్రాన బిడ్డ ఆరు గంటలూ నిద్రపోతుందని అనుకోకూడదు. విమానం కాస్త కుదిపితే సీటు బెల్టు దీపం వెలుగుతుంది, అప్పుడు నిద్రలో ఉన్న బిడ్డను ఎత్తి ఒడిలో కూర్చోబెట్టుకోవాలి. పైకి లేచేటప్పుడు కంటే దిగేటప్పుడే చెవులు ఎక్కువ నొప్పి పెడతాయి. గాలి ఒత్తిడి పెరిగేకొద్దీ చెవి లోపలి నాళం తెరుచుకోవాలంటే బిడ్డ ఏదో ఒకటి మింగుతూ ఉండాలి. దిగడం అంటే చక్రాలు నేలను తాకే చివరి నిమిషాలు కావు, అంతకు చాలా ముందే మొదలవుతుంది. అందుకే చివరి పాలను ఆ వేళకు మిగిల్చాను. పాప ఏడవలేదు, వెనక వరుసలోని పెద్దమనిషి ఒకాయన మాత్రం చెవులు మూసుకొని కూర్చున్నారు.

భారతీయులకు అక్కడ ముందుగా వీసా అవసరం లేదు. విమానాశ్రయం ద్వీపానికి ఆగ్నేయంలో ఉంది, మా బస వాయవ్య తీరంలోని త్రూ ఓ బిష్‌లో. ద్వీపం మొత్తం సుమారు 65 కిలోమీటర్ల పొడవు, 45 కిలోమీటర్ల వెడల్పు కాబట్టి ఆ మూల నుంచి ఈ మూలకు గంట దాటిందంటే అక్కడ అది దూరప్రయాణమే. చలికాలంలో ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు గట్టిగా వీస్తాయి. తూర్పు తీరం హోటళ్లు చౌకగా దొరికినా బిడ్డ కోసం గాలి మరుగున ఉండే వాయవ్యాన్ని ఎంచుకున్నాము. టాక్సీలో బిడ్డ సీటు కావాలని ముందే రాసి అడిగాము. దారి పొడవునా చెరకు తోటలు. చిత్తూరు బెల్లం మండీల మీద పెరిగిన మా ఆయనకు అవి కొత్త కాదు గానీ, తోటల నడుమ కోట గోడల్లా పేర్చి ఉన్న నల్లరాళ్ల గుట్టలు ఏమిటో అర్థం కాలేదు. అగ్నిపర్వతపు రాళ్లతో నిండిన నేలను సాగుకు తెచ్చేటప్పుడు కూలీలు చేతులతో ఏరి పోసిన రాళ్లవి అని టాక్సీ అతను చెప్పాడు.

ఆదివారం

మారిషస్ సమయం మనకంటే గంటన్నర వెనక. పాప మన ఆరు గంటలకు లేచింది, అంటే అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. ఆ నెలలో సూర్యోదయం ఆరున్నర దాటాక గానీ కాదు. గంటన్నర తేడాను సరిదిద్దాలని బిడ్డను రాత్రి ఎక్కువసేపు మేలుకొలిపి ఉంచే బదులు, మేమే మన గడియారం ప్రకారం బతకాలని నిర్ణయించుకున్నాము. చీకట్లోనే గదిలో చిన్న కుక్కర్‌లో పప్పన్నం వండి, వెలుగు రాగానే తీరానికి వెళ్లి, ఎండ ముదిరే తొమ్మిది గంటలకల్లా తిరిగివచ్చాము. సాయంత్రం మూడున్నర తరువాత మళ్లీ వెళ్లాము. ఆరు కాకముందే చీకటి పడుతుంది, ఏడు గంటలకు పాప పడుకుంటుంది. దీనివల్ల పెద్దలకు రాత్రి విందులు ఉండవు, నిజమే. కానీ పొద్దుటి వేళ ఆ తీరమంతా మాదే.

2022లో జిల్లాలను విడదీసినప్పుడు తిరుపతి జిల్లాకు కూడా కొంత సముద్రతీరం వచ్చింది. అయినా మా ఊరివాళ్లకు సముద్రం అంటే ఇప్పటికీ చెన్నై మెరీనానే. అక్కడ మోకాళ్ల లోతులో నిలబడ్డ పెద్దవాళ్లనే అల లాగేస్తుంది. మారిషస్ చుట్టూ చాలా మేర పగడపు దిబ్బలు గోడలా ఉన్నాయి, పెద్ద అలలు దూరాన ఆ దిబ్బ మీదనే తెల్లగా విరిగిపోతాయి. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నీరు లోతు తక్కువగా, చెరువులా నిలకడగా ఉంటుంది. ఇసుకలో కూర్చోబెడితే పాప నడుము దాకా నీళ్లు, మమ్మల్ని భయపెట్టే అల ఒక్కటీ లేదు. అంతమాత్రాన చేయి వదలలేదు. ఆ వయసు బిడ్డకు జానెడు నీళ్లయినా ప్రమాదమే. నీళ్లలో పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే త్వరగా చల్లబడుతుంది, అందుకని పెదవుల రంగు చూస్తూ పది నిమిషాలకే బయటికి తీసి తువ్వాలు చుట్టేదాన్ని. పగడపు ముక్కలు కోసుకుంటాయి, రాళ్ల మధ్య రాతిచేప అనే విషపు ముళ్ల చేప ఉంటుంది కనుక పెద్దలం రబ్బరు చెప్పులు వేసుకొనే నీళ్లలో దిగాము. మామూలు డైపరు నీళ్లకు ఉబ్బిపోతుంది. ఈత డైపర్లు విడిగా ఉంటాయి.

ఎండ సంగతి ఇక్కడ చెప్పాలి. ఇరవై నాలుగు డిగ్రీల గాలిలో ఎవరికీ ఎండ అనిపించదు, మోసమంతా అక్కడే ఉంది. తిరుపతిలో వేడి మనల్ని నీడలోకి తరుముతుంది. అక్కడ చల్లగాలి ఎండలో కూర్చోబెడుతుంది, ఇసుకా నీళ్లూ ఆ వెలుగును కింద నుంచి కూడా విసురుతాయి. ఆరు నెలలు దాటిన బిడ్డ కాబట్టి జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాశాను గానీ, నేను నమ్ముకున్నది పొడుగు చేతుల పలుచని బట్టనూ టోపీనీ సరుగుడు చెట్ల నీడనూ.

సోమవారం

పాంప్లెమూస్ తోటకు వెళ్లాము. పియెర్ ప్వావ్ర్ అనే ఫ్రెంచి అధికారి పద్దెనిమిదో శతాబ్దంలో లవంగం, జాజికాయ మొక్కలను తెప్పించి పెంచిన తోట ఇది. ఇప్పుడు దీనికి స్వతంత్ర మారిషస్ తొలి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ పేరు పెట్టారు. చంటిబిడ్డతో వెళ్లడానికి ఆ ద్వీపంలో దీనికి మించిన చోటు లేదని నా అభిప్రాయం. దారులు చదునుగా ఉన్నాయి, స్ట్రోలర్ హాయిగా సాగుతుంది, చెట్ల కింద ఎండ పొడ తగలదు. పళ్లేల్లా అంచులు పైకి లేచిన అమెజాన్ కలువల ఆకుల మీద నీటిపక్షులు నడుస్తుంటే పాప చేతులు చాపింది. జీవితంలో ఒక్కసారే పూచి చచ్చిపోయే తాళపత్రపు చెట్టు గురించి మార్గదర్శి చక్కగా చెబుతున్నా, పాప దృష్టి మాత్రం మా పెరట్లో రోజూ కనిపించే గోరింకల మీదనే ఉంది. వాటిని ఆ ద్వీపానికి మన దేశం వైపు నుంచే తీసుకువెళ్లారు. పెద్ద తాబేళ్ల ఆవరణ దగ్గర గంటకు పైగా కూర్చున్నాము. తాబేలు వేగమూ పదకొండు నెలల బిడ్డ చూపు వేగమూ సరిగ్గా కుదిరాయి.

మంగళవారం

ఎక్కడికీ వెళ్లలేదు. పాపకు పన్ను వస్తోంది; పగలంతా చంకలోనే ఉంది. సాయంత్రం తీరం పక్కన బండి మీద దాల్ పూరీ తిన్నాము. మన బొబ్బట్టు కంటే పలుచన, లోపల ఉడికించిన శనగపప్పు, తీపి ఉండదు. రెండేసి కలిపి చిక్కుడు గింజల కూర, టొమాటో కూర వేసి చుట్టి ఇస్తారు. కూర లేని ముక్కను నమిలి నమిలి పాప చిగుళ్లకు ఊరట తెచ్చుకుంది.

బుధవారం

రాజధాని పోర్ట్ లూయీలో అప్రవాసీ ఘాట్‌కు బిడ్డతో వెళ్లడం అవసరమా అని మా ఆయన అన్నారు. అది 1849లో కట్టిన వలస కూలీల డిపో. 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. 1834లో బానిసత్వాన్ని రద్దు చేశాక చెరకు తోటలకు మనుషులు కావలసివచ్చి, బ్రిటిష్ ప్రభుత్వం మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తరలించడం మొదలుపెట్టింది. 1920 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది ఆ రేవులో దిగారు. వారిలో కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు ఉన్నారు, అందుకే అక్కడ తెలుగువాళ్లను ఒకప్పుడు కోరంగీలు అనేవారు.

చూడటానికి పెద్దగా ఏమీ లేదు. వాళ్లు ఓడ దిగి ఎక్కిన పదహారు మెట్లు, ఆసుపత్రి గది, వంటచోటు, కొన్ని రాతి పునాదులు. అవే చాలు. స్ట్రోలర్ పక్కన పెట్టి, పాపను క్యారియర్‌లో ఎదకు కట్టుకొని ఆ మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆ వచ్చినవాళ్లలో భర్తల వెంట వచ్చిన స్త్రీలు ఉన్నారు, చంటిపిల్లలు ఉన్నారు. తెరచాప ఓడలో వారాల తరబడి ప్రయాణం, కొలిచి పోసే మంచినీళ్లు, కలరా. ఆరు గంటల విమానానికి నేను రాసుకున్న జాబితా గుర్తొచ్చి సిగ్గు వేయలేదు గానీ, ఆ తల్లులు దిగేటప్పుడు సంచిలో ఏం మిగిలి ఉంటుందోనని చాలాసేపు ఆలోచించాను. ఇక్కడ రెండు మూడు రోజులు ఉంచి, ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య ఇచ్చి, తోటలకు పంచేవారట. ఆ రిజిస్టర్లు, తరువాతి కాలంలో తీసిన ఫొటోలు మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

అక్కడి నుంచి మార్కెట్‌కు వెళ్లి బొప్పాయి, చిలగడదుంపలు కొన్నాము. మారిషస్ రూపాయి మన రూపాయి కంటే విలువైనదన్న సంగతి కూరగాయల దగ్గరే బాగా తెలుస్తుంది.

గురువారం

గంగా తలావ్ అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన సరస్సు, సముద్రమట్టానికి ఐదారు వందల మీటర్ల ఎత్తున ఉంది. 108 అడుగుల శివుడి విగ్రహం చాలా దూరం నుంచే కనిపిస్తుంది. మహాశివరాత్రికి ద్వీపమంతటి నుంచీ జనం కాలినడకన కావళ్లు మోసుకుంటూ వస్తారు. తీరంలో పొడిగా ఉన్న గాలి, ఆ పైన మంచూ జల్లూ అయింది. అత్తమ్మ పెట్టిన స్వెట్టరు అక్కడే పైకి వచ్చింది. ఫొటో తీసి ఆవిడకు పంపాము. గట్టు మీది కోతులు పిల్లల చేతిలో ఏది కనిపించినా లాక్కుంటాయి, తిరుమల మెట్ల దారిలో నడిచినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు.

ఆ రోజు మా డ్రైవరు తెలుగు సంతతివాడు. ఇంట్లో మాట్లాడేది క్రియోల్, బడిలో నేర్చింది ఇంగ్లీషు, ఫ్రెంచి, కొద్దిగా తెలుగు. "బాగున్నారా?" అని ఆగి ఆగి పలికాడు. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవని, తమ ఊళ్లో అమ్మోరు పండుగ, రామభజనం చేస్తామని, శనివారాలు గోవిందుడికి ఉపవాసం ఉండే కుటుంబాలున్నాయని ఇంగ్లీషులో చెప్పాడు. పాప గుండు ఎందుకని అడిగాడు. తిరుపతి అన్నాము. కారు పక్కకు ఆపి, వెనక్కి తిరిగి, పాపకు కాదు, ఆ గుండుకు నమస్కారం పెట్టి, "గోవిందా" అన్నాడు. తన ముత్తాత సంఖ్య ఉన్న కాగితం నకలు ఇంట్లో ఉందని, అందులో ఊరి పేరు ఇంగ్లీషువాళ్ల చేతిలో పడి ఎవరికీ అర్థం కాకుండా పోయిందని అన్నాడు. ఫోనులో ఉన్న ఆ నకలును మా ఆయన ఎంతసేపు చూసినా పోల్చుకోలేకపోయారు.

షామరెల్ ఏడు రంగుల నేలకు పోదామా అని అతనే అడిగాడు. అక్కడికి దారి మెలికలు మెలికలుగా ఉంటుంది, పాప నిద్రవేళ అయింది, వద్దన్నాము. రోజుకు ఒక్క చోటు అన్న నియమాన్ని ఎంతమంది ఎంత ఊరించినా దాటలేదు. లేళ్ల దీవి, పడవ షికార్లు, జంతువుల పార్కు అన్నీ వదిలేశాము. డబ్బు పెట్టి వచ్చి ఇన్ని వదిలేయడమేమిటని అడిగేవాళ్లకు, బిడ్డ నిద్ర చెడితే మరుసటి రోజు మొత్తం పోతుందన్నదే నా లెక్క.

శుక్రవారం

మోన్ ష్వాజీ తీరంలో సరుగుడు చెట్ల కింద దుప్పటి పరుచుకొని గడిపాము. పగటిపూట కుట్టే చారల కాళ్ల దోమ అక్కడా ఉంది. డెంగీ, చికున్‌గున్యా ఆ ద్వీపానికి తెలిసిన జబ్బులే. నీడలో నిద్రపోతున్నంతసేపూ స్ట్రోలర్ మీద దోమతెర వేసే ఉంచాను. తెర మీద తువ్వాలు కప్పితే లోపల ఉక్కపోస్తుంది కనుక, ఎండ అటు తిరిగినప్పుడల్లా బండినే జరిపాము.

శనివారం

తిరుగు ప్రయాణం గురించి రాయడానికి ఎక్కువ లేదు. మన గడియారాన్ని మార్చలేదు కాబట్టి పాప నిద్రవేళకే విమానంలో నిద్రపోయింది. ముంబయిలో ఈసారి స్ట్రోలర్ తలుపు దగ్గరే ఇచ్చారు.

ఆదివారం

చెన్నైలో దిగి బయటికి రాగానే వేడిగాలి ముఖాన కొట్టింది. నగరి దాటేసరికి కారులో పాప స్వెట్టరు మాట అటుంచి, చొక్కా కూడా విప్పేశాము. మారిషస్‌లో ఒక్క తుమ్ము కూడా తుమ్మని బిడ్డకు, తిరుపతి చేరిన రెండో రోజుకు మెడ నిండా చెమటకాయలు పేలాయి. చలిగాలిలో తిప్పినందువల్లే ఇలా అయిందని అత్తమ్మ చందనం అరగదీయడం మొదలుపెట్టారు.